మడత ఫోనులో అక్షింత

మొన్నొక గురువారం పారాయణం అయిపోయాక మా భజన మండలి పెద్ద నర్సయ్య ఒక ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. మడిచి జేబులో వేసుకునే రకం. పుస్తకంలా తెరిస్తే లోపల వెడల్పాటి తెర ఉంటుంది. కొత్తది కాదు, ఎవరో ఏడాది వాడి అమ్ముకున్నది. నా చూపు మందగించింది. చదివేటప్పుడు ఒత్తులు తప్పిపోతున్నాయి. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు కదా అని మండలి వాళ్ళంతా కలిసి దాన్ని నాకు కొనిద్దామనుకున్నారట. వారం రోజులు వాడి చూసి చెప్పమని దుకాణం వాళ్ళు ఇచ్చారట.

"చూడు మామా, నచ్చితే ఉంచుకుందం. లేకుంటే వాపస్ చేద్దం" అన్నాడు నర్సయ్య.

దాన్ని తెరిచి చూడాల్సింది. కానీ నాకు తెలియకుండానే నా చేయి దాన్ని చెవి దగ్గరికి తీసుకుపోయింది. చెవికి ఆనించుకుని మెల్లగా తెరిచాను, మెల్లగా మూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఫోను మోగలేదు మామా అన్నారెవరో. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఆ అలవాటు నాది కాదు. ఆ అలవాటున్న మనిషి పోయి ఏడు నెలలైంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు నలుగురి నోళ్ళలో నలగడానికి నేనే కారణమయ్యాను. దాన్ని మళ్ళీ అచ్చులో పెట్టే అర్హత నాకు లేదు.

ఊరి నడుమ చౌబారా బురుజు నుంచి కిందికి దిగే ఒక సందులో ఆయన దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక తలుపు వెడల్పు, దానికి అడ్డంగా ఒక బల్ల. పాత ఫోన్లు కొనేవాడు, బాగుచేసి అమ్మేవాడు. బల్ల ముందు ఒక బకెట్టు నీళ్ళు, ఒక చెంబు, మేకుకు ఒక తువ్వాలు. ఎవరొచ్చినా ముందు చేతులు కడుక్కోవాల్సిందే. ధాన్యం అమ్మే గంజ్ నుంచి పప్పు దుమ్ముతో వచ్చిన వ్యాపారులు చిరాకు పడేవాళ్ళు. ఫోను కొనడానికి వచ్చినమా, భోజనానికి వచ్చినమా అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన చెంబు అందించి నిలబడేవాడు. మన ఊరి ఎర్రమట్టి గోడలకు మంచిదే గానీ ఫోన్ల పొట్టలోకి పోతే మాత్రం బతకనివ్వదని ఆయన సిద్ధాంతం.

ఇంకో విచిత్రం ఉంది. అమ్మకానికి పెట్టిన ప్రతి ఫోను వెనక ఒక తెల్ల పట్టీ అంటించేవాడు, దెబ్బలకు కట్టేటప్పుడు దూది మీద అంటించే పట్టీ లాంటిది. దాని మీద పెన్సిలుతో ఆ ఫోనులో ఉన్న లోపం తెలుగులో రాసేవాడు. "స్పీకరు గరగర." "బ్యాటరీ మధ్యాహ్నం దాకనే." "నీళ్ళల్ల పడి లేచింది." ధర రాసేవాడు కాదు. ఒకసారి నేను అక్కడ కూర్చుని ఉండగా కుశనూర్ నుంచి ఒక రైతు వచ్చాడు. వరసగా ఫోన్లన్నీ తిప్పి చూసి, ఇది దుకాణమా దవాఖానానా అని అడిగాడు. "అన్నీ రోగాలే రాసినవు. మంచిదేదన్న ఒక్కటి రాయరాదు?"

"మంచిది మీకు కండ్లకు కనవడ్తది పటేలా. చెడ్డదే నేను చెప్పాలె" అన్నాడాయన.

ఆ పట్టీలు ఎట్లా మొదలయ్యాయో నాకు తెలుసు. నా వల్లనే మొదలయ్యాయి.

మా నాన్న మా సరిహద్దు పల్లె చింతకిలో భజన మండలి నడిపేవాడు. నాకు బడిలో కన్నడం వచ్చింది, గ్రంథం ముందు కూర్చుంటే తెలుగు వచ్చింది. కరెంటు ఆఫీసులో పగలంతా కన్నడంలో ఫైళ్ళు రాసి, గురువారం సాయంత్రాలు హనుమాన్ గుడి వెనక రేకుల మందిరంలో తెలుగులో పురాణం చదివి అర్థం చెప్పడం ముప్పై ఏళ్ళుగా నా పని. ఇప్పుడు ఉద్యోగం లేదు, గురువారాలే మిగిలాయి. ఆయన పదేళ్ళ పైన మా సత్సంగానికి వచ్చాడు. ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చునేవాడు. భజనలో ఒక అర మాత్ర వెనకగా తాళం వేసేవాడు. ముందు అందరిదీ విని అప్పుడు వేస్తానని అనేవాడు.

సందేహాలు అడిగే మనిషి కాదు. ఒకే ఒక్కసారి అడిగాడు. కొనేవాడు లోపం సంగతి అడగలేదు, అమ్మేవాడు చెప్పలేదు. అబద్ధం ఏమీ ఆడలేదు కదా, అది తప్పేనా అని. నాకు అలాంటి ప్రశ్నలంటే ఉత్సాహం. ఆ సాయంత్రం అరగంట చెప్పాను. నోటితో చేసే తప్పులు రెండు రకాలనీ, చెప్పకూడనిది చెప్పడం ఒకటి, చెప్పవలసింది మింగడం రెండోదనీ, దేవుడి ముందు రెండోది ఏమాత్రం తక్కువ కాదనీ చెప్పాను. ఆడవాళ్ళు తలలూపారు. నర్సయ్య ఆహా అన్నాడు. పై సోమవారం నేను ఆ సందులోంచి పోతుంటే ఆయన దుకాణంలో ప్రతి ఫోనుకూ పట్టీ ఉంది.

చెప్పినవాడు నేను. చేసినవాడు ఆయన. మా ఇద్దరి మధ్య తేడా అంతే. ఆ తేడా ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియదు.

మందిరంలో మాకు ఒక పద్ధతి ఉండేది. పారాయణానికి కూర్చునే ముందు అందరూ ఫోన్లు తీసి ఒక పెద్ద స్టీలు పళ్ళెంలో పెట్టాలి. ఆ పళ్ళెం ఆయన ముందు ఉండేది. మధ్యలో ఏది మోగబోయినా, మోగకముందే దాని వణుకు పట్టి చేయి వేసి ఆపేవాడు. కళ్ళు గ్రంథం మీదే ఉండేవి. పూర్తయ్యాక ఎవరి ఫోను వాళ్ళకు, చూడకుండా, తడిమి ఇచ్చేవాడు. "నర్సయ్య మామా, దేవున్ని మీరు పిలిచిన దానికన్న ఎక్కువ సార్లు మిమ్మల్ని గంజోళ్ళు పిలిచిండ్రు" అని ఒకసారి అంటే, గంజ్‌లో వ్యాపారం చేసే నర్సయ్య కూడా కడుపుబ్బ నవ్వాడు. బంగారం గొలుసులున్న ఆడవాళ్ళు కూడా సంకోచం లేకుండా పర్సులతో సహా ఆ పళ్ళెంలో పెట్టేవాళ్ళు. ఆ పళ్ళెమే ఆయనకు మండలిలో ఉన్న పదవి.

రెండేళ్ళ కిందట ధన్నూరలో సప్తాహం జరిగింది. ఏడు రోజుల భజన. దానికి దూరం నుంచి ఒక పౌరాణికుడు వచ్చాడు. అతను వ్యాసపీఠం మీద పుస్తకానికి బదులు మడత ఫోను తెరిచి పెట్టుకుని చదివాడు. జనం పురాణం మరచి ఆ ఫోనును చూశారు. నేను పురాణాన్నీ మరిచాను, జనాన్నీ మరిచాను. నాకు అది కావాలనిపించింది. చూపు తగ్గిందన్నది నిజమే. కానీ అప్పుడు ఇంకా కళ్ళజోడు పెట్టుకుంటే అక్షరాలు కనబడేవి. ఇన్నాళ్ళూ చూపు కోసమే అని చెప్పుకున్నాను, ఇప్పుడు చెప్పుకోను.

మరునాడే ఆ సందుకు పోయాను. ఆయన దగ్గర అలాంటిది ఒకటి ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన పాతది. చేతులు కడుక్కుని అడిగితే, దాన్ని చెవికి ఆనించుకుని తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. తలుపుకు ఉన్నట్టే ఆ ఫోనుకు మధ్యలో మడతబందు ఉంటుంది. ఆయన దాన్ని కబ్జా అనేవాడు. కంటితో చూస్తే ఏదీ తెలియదు, కబ్జా ఆరోగ్యం చెవికే తెలుస్తుంది అనేవాడు.

"ఇది వద్దన్నా మీకు" అన్నాడు.

ఎందుకని అడిగాను. వెడల్పు పలక లాంటిది ఉంది, మడవనిది, గట్టిది, అది తీసుకోండి అన్నాడు. నాకు పలక వద్దు, పుస్తకంలా తెరుచుకునేదే కావాలి అన్నాను. అందుకే వద్దంటున్నానని ఆయన అన్నాడు. మీరు దీన్ని ఫోను లెక్క పట్టుకోరు, గ్రంథం లెక్క పట్టుకుంటారు, అది దీనికి ప్రమాదం. నాకు కొంచెం తగిలింది. గ్రంథాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలిసినవాడికి ఈ ముక్కను పట్టుకోవడం రాదా అనుకున్నాను. రెండుసార్లు వద్దని పంపాడు. మూడోసారి నేను, ఇంకెవరికన్నా మాట ఇచ్చినవా తమ్మీ, ఎక్కువొస్తదనా అని అడిగాను. నవ్వుతూనే అడిగాను. ఆయన నవ్వలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

వెనక పట్టీ మీద ఇట్లా ఉంది: "కబ్జాల సన్న ఇసుక సప్పుడు. మడత మీద గీత." నా ముందే పెన్సిలు తీసి దాని కింద ఇంకో ముక్క రాశాడు. "లోపల ఏం పెట్టి మూయొద్దు." రాసి నా చేతికిచ్చి, మూసే ముందు బొటనవేలితో మడత పొడుగునా ఒకసారి తుడవమని చేసి చూపించాడు. నా చేత మూడుసార్లు చేయించాడు. "పుస్తకంల పెట్టినట్టు దీంట్ల పూలు గీలు పెట్టొద్దన్నా" అన్నాడు. నేను నవ్వాను. నాకు ఆ మాత్రం తెలియదా అన్నాను. ఇంటికి పోయి ఆ పట్టీ పీకేశాను, వ్యాసపీఠం మీద అందంగా ఉండదని.

మా పద్ధతి ఇంకొకటి చెప్పాలి. పారాయణం ముగిశాక గ్రంథానికి హారతి ఇస్తాం. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తెరిచిన పుటల మీద అక్షింతలు వేసి దండం పెడతారు. వాటితో సహా గ్రంథాన్ని మూసి పట్టుగుడ్డలో చుడతాను. పై గురువారం తెరిచినప్పుడు ఆ గింజలు దోసిట్లోకి దులిపి అందరి తలల మీద వేస్తాను. వారం రోజులు దేవుడి మాటల నడుమ పడుకున్న గింజలు అనేవాడు మా నాన్న. చింతకిలో నాన్న చేసేవాడు, ఇక్కడ నేను చేస్తున్నాను.

ఫోనుతో చదివిన మొదటి రెండు గురువారాలూ పక్కన గ్రంథం పెట్టుకున్నాను, అక్షింతలు దాని మీదే పడ్డాయి. మూడోవారం గ్రంథం తేలేదు. ఎందుకు తేలేదంటే పీఠం మీద ఫోను ఒక్కటే ఉంటే బాగుంటుందనిపించింది. హారతి అయింది. ఆడవాళ్ళు వరస కట్టారు. మొదటామె పసుపు గింజలు తీసుకుని, ఎక్కడ వేయాలో తెలియక నా వైపు చూసింది. నేను కళ్ళతోనే వేయమన్నాను. వేసింది. ఆమె వెనక అందరూ వేశారు. తెర మీద అక్షరాలు, అక్షరాల మీద పసుపు గింజలు, బంతి రేకులు. నాకు కడుపు నిండినట్టయింది. తలుపు దగ్గర నుంచి ఆయన పళ్ళెం పక్కకు పెట్టి సగం లేచి "అన్నా" అన్నాడు. నేను కూర్చోమని చేయి చూపించాను. దేవుడి వేళలో మధ్యలో మాట్లాడొద్దని మా నియమం.

తర్వాత ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదే చేశాను. మూశాను.

బియ్యపు గింజను పంటి కింద కొరికినట్టు ఒక చిన్న చప్పుడు. చెవితో వినలేదు, బొటనవేలి కింద తెలిసింది. తెరిస్తే రేకులు రాలాయి. మడత మధ్యలో సిరా ఒలికినట్టు ఒక నల్లమచ్చ, దాని మీద నుంచి ఆకుపచ్చ గీత. చూస్తుండగానే మచ్చ పెద్దదవుతోంది.

"ఏమైంది మామా?" అన్నాడు నర్సయ్య.

"ఏమో" అన్నాను.

ఆ ఒక్క మాట గురించే ఇదంతా రాస్తున్నాను. నాకు తెలుసు. వేలి కింద గింజ నలిగిన సంగతి నాకు తెలుసు. ఏమో అన్నాను.

పాత సామాను అంటగట్టిండు అన్నాడు నర్సయ్య. ఎవరో ఛీ అన్నారు. తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. ఆయన వచ్చి, భుజం మీది తువ్వాలులో ఫోనును పసిపిల్లను తీసుకున్నట్టు తీసుకున్నాడు. నేను చూస్తానన్నా అని మాత్రం అని పోయాడు.

మరునాడు పొద్దున్నే దుకాణానికి పోయాను. చేతులు కడుక్కున్నాను. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని ఫోను తెరిచి, మడత సందులోంచి సన్నటి పట్టకారుతో ఏదో బయటికి లాగాడు. అరచేతిలో వేసుకుని నాకు చూపించాడు. సగం విరిగిన పసుపు బియ్యపు గింజ.

సందులో ఎవరో బిందెలు దొర్లిస్తున్నారు. ఆయన నా ముఖం చూశాడు. నేను చెప్పడానికి ఆయన చోటు ఇచ్చాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను బకెట్టులోని నీళ్ళ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, ఆ సగం గింజను తీసి తన తల మీద వేసుకున్నాడు.

"దేవుని అక్షింత గద. కింద పడెయ్యొద్దు" అన్నాడు.

ఫోను తానే తీసుకుంటానన్నాడు. కబ్జాలో ముందు నుంచే చప్పుడు ఉండె కదా, దాని వల్లనే పోయిందనుకోండన్నా అన్నాడు. పీఠం మీద కూర్చునే మనిషి నలుగురిలో చిన్నబోవద్దు అని కూడా అన్నాడు. సరే తమ్మీ అన్నాను. నేనిచ్చిన పైకం తిరిగి ఇస్తే తీసుకున్నాను.

తర్వాతి గురువారం పళ్ళెం ఆయన ముందు లేదు. ఎవరు తీశారో చూడలేదు, కిటికీ అరుగు మీద పెట్టి ఉంది. ఆయన ఎప్పటి చోటనే కూర్చున్నాడు. ముందు ఖాళీ నేల. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, ఏం చేయాలో వాటికి తెలియనట్టు. చదువుతున్నంతసేపూ కిటికీ మీద ఒక ఫోను మోగింది. ఆయన చేయి లేచి, మళ్ళీ మోకాలి మీదికి దిగింది. ఆ పూట అధ్యాయంలో వాక్కు గురించే వచ్చింది. నేను అర్థం చెప్పాను. గొంతు తడబడలేదు. అదే నాకు ఇప్పటికీ భయం వేసే సంగతి.

ఇంకో రెండు వారాలు అట్లాగే వచ్చాడు. ఆ తర్వాత రాలేదు. గంజ్‌లో నర్సయ్య మాట అంటే మాటే. ఆ దుకాణానికి పోవద్దని అతను పది మందికి చెప్పాడు, ఆ పది మంది ఇంకా కొందరికి చెప్పారు. నేను ఆ సందులోంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాను. దేవుడి ముందు రోజూ ఒప్పుకునేవాణ్ణి. దీపం పెట్టి, తప్పయింది స్వామీ అని లెంపలు వేసుకునేవాణ్ణి. దేవుడికి చెప్పుకోవడం సులువు. దేవుడు పోయి నర్సయ్యకు చెప్పడు.

ఏడు నెలల కిందట గుండె ఆగి ఆయన పోయాడు. దశదినానికి వాళ్ళింటికి పోయాను. దుకాణం ఖాళీ చేసి సామాను ఇంట్లో ఒక చెక్కపెట్టెలో పెట్టారు. ఆయన భార్య నాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయినప్పుడు ఆ పెట్టెలోకి చూశాను. ఫోన్లన్నీ బోర్లా ఉన్నాయి, వెనక పట్టీలతో. గరగర. మధ్యాహ్నం దాకనే. ఒక మూలన ఆ మడత ఫోను ఉంది. దానికీ కొత్త పట్టీ అంటించాడు. దాని మీద ఏమీ లేదు. ఆ పెట్టె మొత్తంలో రాయకుండా వదిలిన పట్టీ అదొక్కటే. అబద్ధం రాయడం ఆయనకు చేతకాలేదు. నిజం రాస్తే నా మీదికి వస్తుంది. అందుకని అంటించి వదిలేశాడు. ఆమె నీళ్ళు తెచ్చింది. తాగి వచ్చేశాను. ఆ రోజు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె గురువారాలు మందిరానికి రావడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర, ఆయన కూర్చున్న చోటే కూర్చునేది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు.

ఇప్పుడు మళ్ళీ ఒక మడత ఫోను నా చేతికి వచ్చింది. వారం రోజులు దాన్ని ఇంట్లో పెట్టుకున్నాను. మంచి ఫోను. కబ్జాలో చప్పుడు లేదు. అక్షరాలు చింతగింజలంత కనిపిస్తాయి, నా కళ్ళకు ఇప్పుడు నిజంగానే అవసరం. తీసుకుంటానంటే, చూసినవా, మంచి దుకాణంల తీస్కుంటే మంచిదొస్తది అంటాడు నర్సయ్య. వద్దంటే, పాపం మామ ఒకసారి మోసపోయిండు గద, భయపడుతున్నడు అంటారు అందరూ. ఔనన్నా కాదన్నా ఆయన మీదికే పోతుంది. నిజం చెప్పకుండా నేను ఆ ఫోనును కొననూ లేను, వద్దననూ లేను. వారమంతా దీపం ముందు కూర్చుని ఇంకో దారి వెతికాను. లేదు.

పోయిన గురువారం గ్రంథం తెరిచి, అంతకు ముందు వారం అక్షింతలు దోసిట్లోకి తీసుకుని, తలల మీద వేయకుండా నిలబడ్డాను. చెప్పాను. గింజ సంగతి, వేలి కింద తెలియడం, ఏమో అనడం, మరునాడు ఆయన గింజను తల మీద వేసుకోవడం, నేను సరే అనడం. ఆయన పేరు పెట్టి చెప్పాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇన్నాళ్ళు మోసినది ఐదు నిమిషాల మాట.

ముందుగా నర్సయ్యే, పోయినాయన పోయిండు, ఇప్పుడెందుకు మామా ఇదంత అన్నాడు. కోపంగా కాదు, నన్ను కాపాడాలనే అన్నాడు. ఆ తర్వాత అతను తల ఎత్తలేదు. నేను వరసగా తలల మీద అక్షింతలు వేస్తూ తలుపు దాకా వచ్చాను. అందరూ వంగారు. ఆమె వంగలేదు. కొంగు తల మీదికి లాక్కుని, నా దోసిలి వైపు చూసి, లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మరునాడు మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. నన్ను చూసి చాప వేసింది. కూర్చున్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను గానీ ఆ మాట నోట్లో చిన్నదైపోయింది. ఆమే మాట్లాడింది.

"గా దినం ఇంటికొస్తె ఆయన నెత్తిల పసుపు గింజ ఉండె బావా. ఏందిదని నేనే తీసిన. అంత చెప్పిండు. నాకు కోపమొచ్చింది, పోయి అడుగుతనన్న. వద్దన్నడు. అన్ననే చెప్తడు, జర ఆగు అన్నడు."

నేను తల దించుకుని చాప అల్లిక చూస్తున్నాను.

"అన్ననే చెప్తడు అనుకుంటనే పోయిండు" అంది.

ఆ ఫోను ఉందా అమ్మా అని అడిగాను. లేచి పెట్టెలోంచి తెచ్చింది. ఎందుకు అని అడగలేదు. పెన్సిలు కావాలంటే అదీ తెచ్చింది, ఆయనదే, కురచగా, కొన కొరికి ఉంది. దుకాణం నుంచి తెచ్చి వాకిట్లో పెట్టిన ఆ బకెట్టు దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చాను. ఫోను బోర్లా పెట్టుకుని, పట్టీకి ముఖం ఆనేంత దగ్గరగా వంగి, ఆయన రాసే తీరులోనే రాశాను. "మడతల అక్షింత ఉండంగ మూసిండ్రు." అక్షరాలు వంకరపోయాయి. ఆమెకు అందించాను.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. రెండోసారి చదివింది. తర్వాత ఫోనును నా ముందే పెట్టి, పెన్సిలు మళ్ళీ నా వైపు జరిపింది.

"ఎవరు మూసిండ్రో రాయలే బావా" అంది.

పట్టీ మీద ఇంకా చోటుంది. నా పేరు రాశాను.